బడి వాకిట్లో ఆదెమ్మ

మృగశిర కార్తెలో తొలివాన పడి, మర్నాడు ఎండ కాసిందంటే, ఆ పై రోజు పొద్దున్నే గుట్టకింది బడి తెరుస్తారు. ఈ లెక్క ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. క్యాలెండరు చూడ్డం రానివాళ్లకు ఇంతకంటే మంచి లెక్క దొరకదు కూడా. వాన పడిందా, ఎండ కాసిందా, సరే, పిల్లల్ని లేపండి, మొహాలు నాకండి, బడికి తోలండి. అంతే.

బడి అంటే మేడా మిద్దే ఊహించుకోకండి. ఒకప్పుడు మనుషులు పొగాకు ఆరబెట్టుకున్న బ్యారన్ అది. ఇటుకలతో కట్టిన ఎత్తైన గది. వాళ్లు దాన్ని వదిలేసి ఎటో పోతే, గుట్టమీద జంతువులన్నీ చేరి కసువు ఊడ్చి, చుట్టూ ముళ్లకంచె వేసి బడి చేసుకున్నాయి. గోడల్లోంచి పొగాకు ఘాటు ఇంకా పోలేదు. తెరిచిన రోజు పిల్లలంతా తుమ్ముతారు. పంతుళ్లు ముందు ఓ పావుగంట తుమ్ములకు వదిలేసి ఆ తర్వాత పాఠం మొదలుపెడతారు.

ఆ బడికి ఒకే ఒక్క కట్టుబాటు. కంచె లోపల ఎవరూ ఎవరినీ తినకూడదు, పొడవకూడదు, కరవకూడదు. కంచె బయట ఎవరి బతుకు వాళ్లది.

కంచెకున్న ఒక్క వాకిలికి అడ్డంగా ఒక వెదురుగడ ఉంటుంది. దాని పక్కన ఆదెమ్మ ఉంటుంది. ఆదెమ్మ గాడిద. పన్నెండేళ్లుగా ఆ వాకిలి ఆమెదే. బడి తెరిచిన రోజు పిల్లలు వరసగా ఒక్కొక్కరే ఆమె ముందుకొస్తారు. వచ్చినవాళ్ల నుదుటికి ఆమె తన ముక్కు ఆనించి, పేరు పెట్టి పిలిచి, "వచ్చావా నాయనా, దా" అంటుంది. మెడతో గడ పైకెత్తి లోపలికి పంపుతుంది. పాతపిల్లల పేరు ఆమే పిలవాలి. కొత్తగా చేరేవాళ్లని మాత్రం "నీ పేరేంది బిడ్డా?" అని అడుగుతుంది. వాళ్లు నోరు తెరిచి పేరు చెప్పారంటే బడిలో చేరిపోయినట్టే. వేరే కాగితం, కలం ఏమీ లేవు. పంతుళ్లకైనా ఇదే పద్ధతి. పెద్దపంతులు మైలయ్య మాస్టారు ఎంత కొమ్ములు తిరిగిన ఎద్దయినా, ఆ రోజు తల వంచి ఆదెమ్మకు నుదురు చూపించాల్సిందే.

ఇదంతా ఎందుకంటారా? రెండు నెలలంటే పిల్లలకు చిన్నకాలం కాదు. సెలవుల్లో కొమ్ములు మొలుస్తాయి, గొంతులు మారతాయి, ఈకలు రాలి కొత్తవి వస్తాయి. నేను నేనేనా, బడి బడేనా, నన్ను అక్కడ ఎవరైనా గుర్తుపడతారా అని ఒకటే బెంగ. ఆదెమ్మ నోట తమ పేరు విన్నాకే ఆ బెంగ తీరేది. అప్పటిదాకా ఒక్క పిల్ల కూడా పొద్దుటి మేత సరిగా మేయదు.

ఆ వేసవిలో ఆదెమ్మ కళ్లకు తెర కమ్మింది. మొదట్లో పొగమంచు అనుకుంది. రోహిణి ఎండల్లో పొగమంచేంటి అని తనకు తనే నవ్వుకుంది. నాలుగు రోజులు పోయాక నవ్వు రాలేదు. ఒకరోజు సాయంత్రం దారి పక్కన ఎవరో కూర్చున్నట్టు మసకమసగ్గా కనిపిస్తే ఆగి పలకరించింది.

"ఏం గంగులూ, ఒక్కడివే కూర్చున్నావు? మీ అమ్మ కోప్పడిందా?"

గంగులు గేదెదూడ, మహా వాగుడుకాయ. అయినా బదులు రాలేదు. ఆదెమ్మ దగ్గరికెళ్లి ముక్కు ఆనించింది. మట్టి తగిలింది. అది చీమలపుట్ట. 

ఆ పక్కనే రేగుపొదలో పడుకుని ఉన్న జంబయ్య ఇదంతా చూశాడు. జంబయ్య ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను. నక్క. బడి ఎటువైపు ఉందో బాగా తెలిసినవాడు, లోపలికి మాత్రం ఏనాడూ అడుగు పెట్టనివాడు. కంచె లోపల తినకూడదు, సరే. మరి వాకిలి లోపలా, బయటా? గడ దగ్గర కాపలా ఉండేవాడి ముక్కు కిందనుంచే కదా పిల్లలంతా మెడలు వంచుకుని పోయేది! వాడికి నోరూరింది. తెల్లవారగానే వెళ్లి మైలయ్య మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, బడి తెరిచే రోజు దగ్గర పడతా ఉంది. నాకా, నిద్ర పట్టటంలేదు."

"నీకెందుకయ్యా నిద్ర పట్టకపోవడం? నీకు పిల్లలా, జెల్లలా?"

"అందరి పిల్లలూ నా పిల్లలేగా మాస్టారూ."

మైలయ్య మాస్టారు నెమరు ఆపారు. "ఆ మాటే నాకు భయం" అన్నారు.

జంబయ్య నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "నేను మాంసం మానేసి రెండు నెలలు దాటింది. ఈతపళ్లు, రేగ్గాయలు, అవే నా తిండి." మూతికి అంటుకున్న చిన్న ఈకను నాలుకతో లోపలికి లాక్కుని, ఎక్కడ ఆపాడో అక్కడినుంచే అందుకున్నాడు. "నా సంగతి పోనీండి. ఆదెమ్మక్కకి కళ్లు పోయినాయి, తెలుసా మీకు? చీమలపుట్టని పట్టుకుని గంగులూ, గంగులూ అంటా ఉంది. రేపు కొండచిలవ వచ్చి తల చూపిస్తే 'వచ్చావా నాయనా' అని గడ ఎత్తుద్ది. అప్పుడు ఎవరిది పూచీ?"

మైలయ్య మాస్టారు చాలా మంచివారు. ఆయనలో ఉన్న లోటు ఒక్కటే. న్యాయంగా వినిపించే మాట ఏదైనా సరే, ఎవరి నోట్లోంచి వచ్చినా సరే, కాదనలేరు. కాడి మోసిన రోజుల్లో కూడా ఎటు అదిలిస్తే అటు నడిచారు పాపం.

"ఏం చెయ్యమంటావు?" అన్నారు.

"పరీక్ష పెడదాం. తెరిచే రోజు పిల్లలు, పంతుళ్లు అందరూ వరసగా వస్తారు. ఎవరూ నోరు మెదపగూడదు. దగ్గొద్దు, తుమ్మొద్దు. గొంతు విని చెబితే అది గుర్తుపట్టినట్టు కాదుగా? ఆదెమ్మక్క ఒక్కొక్కరినీ సరిగ్గా పోల్చుకోవాల. ఒక్కరి దగ్గర తప్పినా, ఆ వాకిలి కాపలా నాకియ్యండి. తప్పకపోతే ఇంక ఈ గుట్ట మొహం చూడను."

మాస్టారు ఆలోచించారు. ఎంత ఆలోచించినా అందులో వంక కనపడలేదు. వంక మాటలో లేదు, మాటాడినవాడిలో ఉంది. అది చెప్పడం ఆయనకు చేతకాలేదు.

ఆ మధ్యాహ్నం ఆయనే ఆదెమ్మ దగ్గరికి నడిచివెళ్లారు. ఆమె ఖాళీ బడి వాకిట్లో, ఎవరూ రాని దారికేసి చెవులు పెట్టి నిలబడి ఉంది.

"ఆదెమ్మా, జంబయ్య ఒక మాట అన్నాడు. నిజమేనా?"

"నిజమే మాస్టారూ. వెలుగూ నీడా తప్ప ఏం కనపట్టంలేదు."

"నాతో ముందే చెప్పకపోయావా?"

"చెబితే తీసేస్తారని భయమేసింది." ఆమె ఒక కాలు మార్చుకుంది. "గడ్డికి కాదు మాస్టారూ. గుట్టమీద గడ్డి ఎవరికైనా ఉంది. ఇక్కడికి రాకముందు నన్ను ఎవరు పిలిచినా బరువెత్తడానికే పిలిచినారు. మోకాలు దెబ్బతింటే పిలవటం కూడా మానేసినారు. ఈ పిల్లకాయలొక్కళ్లే నన్ను ఊరికే పిలిచేది."

మాస్టారు పరీక్ష సంగతంతా చెప్పారు. "పోనీ, పరీక్ష వద్దని చెప్పేస్తా."

"వద్దొద్దు. వాడు ఏ బుద్ధితో అన్నా, అన్నది అబద్ధం కాదు. నా ముచ్చట కోసం బిడ్డల ప్రాణాల మీదికి తేగూడదు. పోల్చుకోలేకపోతే నేనే గడ వదిలి పక్కకి జరుగుతా. కళ్లు లేకపోతే ఏం, ముక్కుందిగా. ఒక్కొక్క బిడ్డది ఒక్కొక్క వాసన. మేకపిల్ల నూకాలు దగ్గిర తుమ్మచెక్క వాసన. గంగులు దగ్గిర చెరువు పాకుడు వాసన. ఎట్టా తప్పుతా?"

ఆమె ధైర్యంగా చెప్పిన ఈ మాటలు కంచె అవతల తుప్పల్లో ఉన్న జంబయ్య చెవిలో శుభ్రంగా పడ్డాయి.

తొలివాన పడింది. మర్నాడు ఎండ కాసింది. ఆ ఎండలో జంబయ్య ఇంటింటికీ తిరిగాడు. వీపుమీద వావిలాకు మోపు, మొహంనిండా ప్రేమ.

"అమ్మా, వానాకాలం వచ్చేసింది. ఈగలు, దోమలు, గోమార్లు. పిల్లల్ని అట్టాగే బడికి పంపుతారా? ఈ వావిలాకు నూరి తలనుంచి తోకదాకా దట్టంగా పుయ్యండి. ఒక్క పురుగు దగ్గరికి రాదు. కొత్త ఏడు శుభ్రంగా మొదలుపెట్టాలగదా!"

వావిలాకు ఘాటు మీకు తెలిసిందే. ఒకసారి పూస్తే రెండు రోజులు పోదు. గంగులు తల్లికి నక్కను చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా మందుకు వంకేముందని ఆమె కూడా నూరి పూసింది. నూకాలు తల్లి పూసింది. పంతుళ్లు కూడా పూసుకున్నారు. అందరూ పూసుకున్నాక జంబయ్య కూడా ఒళ్లంతా పట్టించుకున్నాడు. అప్పటికి వాడి ఆలోచన పూర్తయింది.

తెరిచే రోజు ఆదెమ్మ అందరికంటే ముందొచ్చి నిలబడింది. తెల్లారుతున్నట్టు మొహానికి తెలుస్తోంది. దారిమీద అడుగుల సందడి మొదలైంది. కబుర్లు లేవు, కేరింతలు లేవు, అడుగులే. పిల్లలు నోళ్లు బిగించుకుని వస్తున్నారు. తల్లులందరినీ వెనక సరుగుడు చెట్లకింద ఆపేశారు. ఆదెమ్మ ముక్కుపుటాలు విప్పి గట్టిగా గాలి పీల్చింది.

వావిలాకు.

మళ్లీ పీల్చింది. అటు వావిలాకు, ఇటు వావిలాకు. తుమ్మచెక్క లేదు, పాకుడు లేదు.  పన్నెండేళ్లు ఇక్కడ నిలబడి చివరికి ఇట్టా ఐపోతుందా అనుకుంది. ఏడుపొచ్చింది. గడకు మెడ ఆనించి దాన్ని దిగమింగుకుంది.

మైలయ్య మాస్టారు గిట్టతో నేలమీద ఒకసారి కొట్టారు. మొదలుపెట్టమని గుర్తు.

మొదటి పిల్ల వచ్చింది. చిన్నగిట్టల చప్పుడు. గడకు ఒక్క అడుగు ఇవతల ఆగిపోయింది. ఆదెమ్మ ముక్కు చాచింది. ఆకు ఘాటు తప్ప ఏమీ లేదు. ఎవరబ్బా ఇది? గొర్రెపిల్లా, మేకపిల్లా, లేడిపిల్లా? పిల్ల కదల్లేదు. గిట్టలు మాత్రం మట్టిలో అర్ధచుట్టు తిరిగిన చప్పుడైంది. మళ్లీ ముందుకు తిరిగింది. మళ్లీ వెనక్కి.

ఆదెమ్మ చెవులు నిక్కాయి. కిందటేడూ ఇంతే. ఆ ముందేడూ ఇంతే. గడదాకా వచ్చి, అమ్మ ఉందా పోయిందా అని వెనక్కి తిరిగి చూసే పిల్ల ఈ బడి మొత్తానికి ఒక్కతే.

"వెనక్కి చూస్తా ఉన్నావు గదూ నూకాలూ? మీ అమ్మ యాడికీ పోదులే. వచ్చావా తల్లీ, దా."

నూకాలు నుదురు పరిగెత్తుకొచ్చి ఆమె ముక్కుకు తగిలింది. సరుగుడు చెట్లకింద మేకతల్లి వెక్కి ఏడ్చింది. జంబయ్యకు అర్థం కాలేదు. గుడ్డిగా కొట్టింది, తగిలింది అనుకున్నాడు.

రెండోసారి ఎవరో దూసుకొచ్చారు. గడ ఎత్తకముందే కిందనుంచి దూరబోయి, ఠంగుమని తల కొట్టుకున్నారు.

"ఒరే గంగులూ!" ఆదెమ్మ నవ్వేసింది. "ఏటా కిందనించి దూరిపోయేవాడివి. ఈ ఏడు పెరిగావు నాయనా, ఆ సంగతి నీకింకా తెలిసినట్టు లేదు. గడ ఎత్తనియ్యి. నొప్పి పుట్టిందా?"

తర్వాత వచ్చినవి ఇద్దరో ఒక్కరో తెలియనంత తేలికైన అడుగులు. ఉడతపిల్లలు సుబ్బి, నాగి. ఇద్దరూ కవలలు. కళ్లున్నవాళ్లే పోల్చుకోలేరు. జంబయ్య మూతి నాక్కుంటూ ముందుకు వంగాడు. ఆదెమ్మ తల దించి ఊరుకుంది. అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. ఒక చిన్న నుదురు ముందుకు రాబోయి, ఆగి, పక్కనున్నదాన్ని మెల్లగా ముందుకు తోసింది.

"ముందు చెల్లెల్నే పంపిస్తావా సుబ్బీ? నీ అలవాటు పోలేదు. రా నాగీ. ఆ, ఇప్పుడు నువ్వు రా సుబ్బీ, అక్కయ్యవి కదా, నీకూ బెంగుంటదిగా."

అట్టా ఒక్కొక్కరూ వచ్చారు. కిందటేడు కోడిపిల్లగా ఉండి ఈ ఏడు తురాయి పెంచుకున్న పోతరాజు రొమ్ము విరుచుకుంటూ వచ్చి, తీరా గడ దగ్గరకొచ్చేసరికి పాత అలవాటు మీద ఆదెమ్మ పొట్టకింద దూరబోయి ఇరుక్కున్నాడు. వాడి పేరు చెప్పడానికి ఆమెకు క్షణం పట్టలేదు. కొంగటీచరు సీతాలమ్మ వచ్చింది. ఒక్క అడుగు వినిపించి రెండోది వినిపించలేదు.

"రెండో కాలు కూడా కింద పెట్టండి టీచరమ్మా. ఈ ఏడు పిల్లకాయలు మంచోళ్లే, మిమ్మల్ని పొడుచుకు తినరు" అంది ఆదెమ్మ. సీతాలమ్మ సిగ్గుపడుతూ కాలు దించింది. పదేళ్లుగా పాఠాలు చెబుతున్నా, మొదటి రోజంటే ఆమెకు కాళ్లు ముడుచుకుపోతాయని ఆదెమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత బరువైన అడుగులు. ఒక పెద్ద నిట్టూర్పు.

"మాస్టారూ, ఏటా ఇదే నిట్టూర్పు. మీకన్నీ గుర్తుంటాయి, పాఠం మర్చిపోరు. రండి." మైలయ్య మాస్టారు కొమ్ములు వంచి నుదురు ఆమె ముక్కుకు ఆనించారు. మామూలుకంటే కాసేపు ఎక్కువే ఆనించి ఉంచారు.

ఇంక ఒక్కరు మిగిలారు. కుందేలుపిల్ల రత్తి. రత్తి రాలేదు. వాళ్ల బొరియలోకి వాననీళ్లు వస్తే తల్లీపిల్లా గుట్ట అవతల కొత్త బొరియ తవ్వుకుంటున్నారు. ఆ సంగతి జంబయ్యకు తెలుసు. ఆదెమ్మకు తెలియదు. జంబయ్య వరస చివరికొచ్చి నిలబడ్డాడు. రత్తి ఎట్టా వస్తుందో వాడు కిందటేడు తుప్పల్లోంచి చాలాసార్లు చూసి ఉన్నాడు, అదీ వేరే కారణంగా. మూడు గెంతులు, ఒక ఆగు. మళ్లీ మూడు గెంతులు.

వాడు గెంతడం మొదలుపెట్టాడు.

పెద్దనక్క, ఒళ్లంతా పచ్చటి ఆకుపసరు, ముందుకాళ్లు రొమ్ముకు కట్టుకుని కుందేల్లా గెంతుతూ వస్తుంటే చూసి నవ్వకుండా ఉండడం ఎంత కష్టమో ఆలోచించండి. కంచె లోపల సుబ్బి తన తోక తన నోట్లో కుక్కుకుంది. గంగులు నేలకేసి మూతి నొక్కుకున్నాడు. కానీ నవ్వు ఎంతోసేపు లేదు. ఆదెమ్మ తప్పు పేరు చెబితే ఏమవుతుందో పిల్లలందరికీ తెలుసు. అరిచి చెప్పాలని నూకాలుకు గొంతుదాకా వచ్చింది. చెప్పకూడదు. చెబితే పరీక్ష పోయినట్టే. మైలయ్య మాస్టారు కళ్లు మూసుకున్నారు.

మూడు గెంతులు, ఒక ఆగు.

ఆదెమ్మ మొహం విచ్చుకుంది. "ర..." అని పెదవులదాకా వచ్చేసింది కూడా. కానీ ఆమె పద్ధతి తప్పలేదు. ముందు ముక్కు, తర్వాత పేరు. ముక్కు చాచింది. నుదురు అందలేదు. ఇంకాస్త ముందుకు చాచింది. నుదురు వెనక్కి జరిగింది.

పేరు ఆమె నోట్లోనే ఆగిపోయింది.

పన్నెండేళ్లలో ఆమె ఎన్ని నుదుళ్లు తాకిందో లెక్కలేదు. ఒకసారి తాకిన నుదురు రెండో ఏడు దానంతటదే ఎదురొస్తుంది. నూకాలుది వచ్చింది, గంగులుది వచ్చింది, ఎద్దుమాస్టారిది కూడా వచ్చింది. వెనక్కి జరిగేది కొత్తగా వచ్చినవాళ్లది ఒక్కటే. ఇది రత్తి కాదు. ఈ గడ దగ్గరికి ఇంతవరకూ ఎన్నడూ రాని బిడ్డ ఎవరో.

ఆమె తొందరపడలేదు. కొత్తపిల్లల దగ్గర ఎట్టా చేస్తుందో అట్టాగే, కదలకుండా, ముక్కు గాల్లో ఉంచి ఆగింది. ఎంతసేపని వెనక్కి వంగి నిలబడగలడు వాడు? వెనక్కాళ్లు నిలవక తూలి ముందుకు పడ్డాడు. నుదురు తగిలింది. వెడల్పాటి నుదురు. గట్టిపడిన చర్మం. మీద పాత దెబ్బల గుర్తులు. పసిపిల్ల నుదురు కాదది.

ఆదెమ్మకు మోసం అన్న మాటే తోచలేదు. ఇంత పెద్దయ్యేదాకా ఈ బిడ్డని బడికి పంపినవాళ్లు లేకపోయారే అన్న జాలి ఒక్కటే కలిగింది.

"నువ్వు మా పాతబిడ్డవి కాదు నాయనా" అంది మెల్లగా. "ఇదే మొదటిసారి రావడం. ఏం పర్లేదు. నీ పేరేంది బిడ్డా?"



 ఇది జంబయ్య లెక్కలో లేదు. తప్పు పేరు చెబుతుందనుకున్నాడు, లేకపోతే తెలియదని ఓడిపోతుందనుకున్నాడు. పేరు అడుగుతుందని అనుకోలేదు. అడగడం తప్పు కాదు. కొత్తవాళ్లని అడగడమే బడి పద్ధతి. పేరు చెబితే ఓడిపోతాడు. చెప్పకపోతే ఇక్కడే నిలబడాలి. పారిపోదామని వెనక్కి చూశాడు. సరుగుడు చెట్లకిందనుంచి గంగులు తల్లి అప్పటికే నాలుగడుగులు ముందుకొచ్చి, కొమ్ములు సరిచేసుకుంటోంది. ఆమె వెనకాల మిగతా తల్లులు.

"తొందరేం లేదు" అంది ఆదెమ్మ. ఆమె ముక్కు వాడి నుదుటిమీదే ఉంది. వెచ్చగా ఉంది. "మొదటి రోజు అందరికీ గొంతు పెగలదు. బెంగ తగ్గినాక చెప్పు. నేను ఇక్కడే ఉంటా."

వాడిని అంతవరకూ ఎవరూ పేరు అడగలేదు. అదిగో నక్క, ఆ నక్కని తరమండి, నక్క పోయిందా, ఇవే వాడు విన్న పిలుపులు. ఎదురుగా పేరు పెట్టి పిలిచిన ఒక్క తల్లి కూడా ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. నిజం చెప్పాలంటే, పారిపోయే దారి లేక చెప్పాడో, అడిగినందుకు చెప్పాడో వాడికే తెలియదు.

"జంబయ్య" అన్నాడు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతో కాదు, చాలా చిన్నగా.

ఆదెమ్మ చెవులు నిటారుగా లేచాయి.  తన ముక్కు కింద ఉన్న నోరు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. గడ ఎత్తకపోతే సరిపోతుంది. గడ ఎత్తకూడదనే గంగులు తల్లి, నూకాలు తల్లి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆదెమ్మకు భయం లేదని చెబితే అబద్ధం అవుతుంది. గట్టిగా భయపడింది. కానీ అడిగింది తను. వాడు చెప్పాడు. చెప్పినవాళ్లని ఈ వాకిలి ఏనాడూ తిప్పి పంపలేదు.

ఆమె ముక్కు తీయలేదు.

"వచ్చావా నాయనా" అంది. "చాలా ఆలస్యంగా వచ్చావు. దా."

అని మెడతో గడ పైకెత్తింది.

ముందు సుబ్బి నోట్లోంచి తోక జారింది. తర్వాత ఒక్కసారిగా పిల్లలంతా అరిచిన అరుపుకు బ్యారన్ కప్పుమీది పావురాలు ఎగిరిపోయాయి. పొద్దుటినుంచి ఆపుకున్న తుమ్ములన్నీ కూడా అప్పుడే వచ్చాయి. మైలయ్య మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఆ గుట్టమీద ఎవరూ ఎరగరు.

"జంబయ్యా, పరీక్ష అయిపోయింది. నిన్నుకూడా కలుపుకుని అందరినీ పోల్చింది ఆదెమ్మ. నీ మాట ప్రకారం నువ్వు గుట్ట వదిలి పోవాల. కానీ నీ నోటితో నువ్వే పేరు చెప్పి బడిలో చేరావు, పిల్లల్ని వెళ్లగొట్టే బడి కాదిది. కాబట్టి ఒకటో తరగతి. సుబ్బికీ నాగికీ మధ్యన కూర్చో. బడిపిల్లల కట్టుబాటేందో తెలుసుగా?"

"కంచె లోపల ఎవరినీ తినగూడదు" అన్నాడు జంబయ్య నేల చూస్తూ.

"బడిలో చేరినవాళ్లు తోటిపిల్లల్ని కంచె బయట కూడా తినరు. ఎవరైనా చదువుకున్నవాళ్లు తింటారా?" అంది సీతాలమ్మ టీచరు రెండు కాళ్లూ నేలమీద గట్టిగా ఆనించి. ఇది కొత్త కట్టుబాటు. ఆ క్షణంలోనే పుట్టింది. ఎవరూ కాదనలేదు. "బయటినించి ఏ పాము వస్తదో నేను చూసుకుంటాను ఆదెమ్మా. లోపలికొచ్చే నుదురు నువ్వు చూసుకో" అన్నారు మాస్టారు. ఇంత చిన్న ఏర్పాటు ముందే ఎందుకు తోచలేదా అని ఆయన చాలాకాలం బాధపడ్డారు.

ఆ రోజంతా జంబయ్య ఒకటో తరగతిలో కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. సుబ్బి వాడి ఎడమచెవిలో, నాగి కుడిచెవిలో ఎడతెగకుండా కబుర్లు చెప్పారు. పోతరాజు తన తురాయి పట్టుకు చూడమని మూడుసార్లు దగ్గరికొచ్చాడు. ఎదురుగా అంత బలిసిన కోడిపుంజు, మధ్యలో కట్టుబాటు. వాడి పాట్లు చూసి పిల్లలు జాలిపడి, తమ ఈతపళ్లు తెచ్చి పెట్టారు. ఈతపళ్లే నా తిండి అని తనే చెప్పుకున్నాడు గనక, కిక్కురుమనకుండా తిన్నాడు.

సాయంత్రం బడి వదిలారు. పిల్లలు తల్లుల వెంట గెంతుకుంటూ పోయారు. పంతుళ్లు పోయారు. ఆదెమ్మ గడ దించబోతుంటే, ఎవరో ఇంకా కదలకుండా నిలబడి ఉన్నట్టు తోచింది. వావిలాకు వాసన.

"ఇంకా పోలేదా జంబయ్యా?"

"పోతా ఉన్నా." కానీ పోలేదు. కాసేపు నేల గీకాడు. "ఆదెమ్మక్కా, మళ్లీ ఏడు బడి తెరిచినప్పుడు... మళ్లీ పేరు అడుగుతావా?"

"నేనెందుకు అడుగుతా?" అంది ఆదెమ్మ. "అడిగేది కొత్తవాళ్లనిగా. మళ్లీ ఏడు నువ్వు వచ్చి నిలబడు చాలు. నేనే పిలుస్తా."

మన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్న వాకిలికి, ఎంత ఆలస్యంగా వచ్చినవాడైనా బిడ్డే.